బోరు, స్ట్రోకు, కంప్రెషన్: ఇంజిన్ బలం ఎక్కడి నుంచి వస్తుంది

అందరికీ నమస్కారం.

లాంగ్ స్ట్రోక్ ఇంజిన్‌కి టార్క్ ఎక్కువ, షార్ట్ స్ట్రోక్ ఇంజిన్‌కి స్పీడ్ ఎక్కువ. టార్క్ అంటే తిప్పే బలం. కార్ల మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళెవరైనా ఈ మాట వినే ఉంటారు. మెకానిక్కులు చెప్తారు, రివ్యూలు రాసేవాళ్ళు చెప్తారు, క్లాసులో పాఠం చెప్పేవాళ్ళూ చెప్తారు. ఇందులో రెండో సగం నిజం. మొదటి సగం లెక్కకి నిలబడదు. ఇవాళ ముఖ్యంగా ఆ లెక్క మీకు చూపించాలనే వచ్చాను. అది ఒకసారి మనసుకి పట్టిందంటే మిగతావి వాటంతటవే వరసలోకి వస్తాయి. రెడ్ లైన్, అంటే ఇంజిన్ దాటకూడని వేగపు గీత, అక్కడే ఎందుకు ఆగుతుందో, కంప్రెషన్ రేషియో మనకి నచ్చినంత ఎందుకు పెంచలేమో, ఇప్పటి ఇంజిన్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ పని ఎలా చేస్తున్నాయో, అన్నీ.

ముందు కొలతల సంగతి. తెలిసినవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. సిలిండర్ లోపలి వ్యాసం బోరు. దాని లోపల పైకీ కిందకీ ఆడే పిస్టన్, అడుగు నుంచి పై దాకా కదిలే దూరం స్ట్రోకు. కొలతలు సెంటీమీటర్లలో తీసుకుని, బోరుని బోరుతో, తర్వాత 0.7854తో, తర్వాత స్ట్రోకుతో గుణిస్తే ఒక సిలిండర్ సీసీ, అంటే ఘనపరిమాణం, వస్తుంది. 86 మి.మీ. బోరు, 86 మి.మీ. స్ట్రోకు, నాలుగు సిలిండర్లు ఉంటే 1,998 సీసీ. టొయోటా, నిస్సాన్, సుబారు, అందరూ ఈ కొలతతో రెండు లీటర్ల ఇంజిన్లు చేశారు. రెండూ సమానమైతే స్క్వేర్ అంటారు. బోరు ఎక్కువైతే ఓవర్ స్క్వేర్. స్ట్రోకు ఎక్కువైతే అండర్ స్క్వేర్, అంటే మన లాంగ్ స్ట్రోక్.

ఇప్పుడు బోర్డు చూడండి. వెనక ఉన్నవాళ్ళకి కనిపిస్తోందా? సరే.

రెండు సిలిండర్లు గీస్తున్నాను. రెండూ 500 సీసీవే. మొదటిది సన్నగా, పొడుగ్గా ఉంది: బోరు 80, స్ట్రోకు 99.5 మి.మీ. రెండోది లావుగా, పొట్టిగా ఉంది: బోరు 94, స్ట్రోకు 72. మంట అంటుకున్నాక రెండింటిలోనూ పిస్టన్ మీద ఒకే ఒత్తిడి, 10 బార్లు పడుతోందని అనుకుందాం. సన్న సిలిండర్లో పిస్టన్ తల వైశాల్యం 50.3 చదరపు సెం.మీ. దాని మీద పడే బలం దాదాపు 5,030 న్యూటన్లు. లావు సిలిండర్లో వైశాల్యం 69.4 చదరపు సెం.మీ., బలం 6,940 న్యూటన్లు. ఇక్కడిదాకా చూస్తే లావుదే పైచేయి.

అయితే ఆ బలం తిప్పేది క్రాంక్‌ని, అంటే పిస్టన్ కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసుని. క్రాంక్ చెయ్యి పొడవు స్ట్రోకులో సగం. సన్నదానికి 49.75 మి.మీ., లావుదానికి 36 మి.మీ. బలాన్ని చెయ్యి పొడవుతో గుణించండి. సన్నది: 250 న్యూటన్ మీటర్లు. లావుది: 250 న్యూటన్ మీటర్లు.

ఒకటే వచ్చింది. ఇది యాదృచ్ఛికం కాదు. వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణిస్తే వచ్చేదే సీసీ కదా. బోరు తగ్గించి స్ట్రోకు పెంచితే చెయ్యి పొడవులో వచ్చిన లాభం పిస్టన్ మీది బలంలో పోతుంది, సరిగ్గా అంతే పోతుంది. అందుకని సీసీ మారనప్పుడు, సిలిండర్లో ఒత్తిడి మారనప్పుడు, స్ట్రోకు పొడవు వల్ల ఒక్క న్యూటన్ మీటర్ కూడా అదనంగా రాదు. టార్క్‌ని నిర్ణయించేవి రెండే: ఎంత సీసీ, అందులో ఎంత సగటు ఒత్తిడి. ఈ వాక్యం రాసుకోండి, ఇంజిన్ గురించి వాదన వచ్చిన ప్రతిసారీ పనికొస్తుంది.

మరి లాంగ్ స్ట్రోక్ బండి కింది గేర్లలో బాగా లాగుతుందని అనుభవం చెప్తోంది కదా, అది అబద్ధమా అని మీరు అడగొచ్చు. అబద్ధం కాదు. లాగుతుంది. కారణం వేరే చోట ఉంది. బోరు చిన్నదైతే సిలిండర్ పైమూతలో, అంటే హెడ్‌లో, గాలీ పొగా వచ్చిపోయే వాల్వులకి చోటు తక్కువ. మన రెండు సిలిండర్లే చూడండి, లావుదానికి తల వైశాల్యం 38 శాతం ఎక్కువ, అంతమేర పెద్ద వాల్వులు పెట్టొచ్చు. చిన్న వాల్వులున్న ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర తగినంత గాలి పీల్చుకోలేదు. అక్కడ ఎలాగూ లాభం లేదు కాబట్టి, తయారీదారు వాల్వులని తెరిచి మూసే కామ్ షాఫ్ట్‌నీ, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ గొట్టాల పొడవునీ 2,000, 3,000 ఆర్‌పీఎంకి కుదురుస్తాడు. గేర్లూ దానికి తగ్గట్టే వేస్తాడు. నడిపేవాళ్ళకి టార్క్ కిందే అందుతుంది, పైకి వెళ్తే ఊపిరి ఆడనట్టు ఉంటుంది. మనం దాన్ని స్ట్రోకు ఖాతాలో వేసేస్తున్నాం. నిజానికి అది గాలి పీల్చే దారి, కామ్ కలిసి చేసిన పని.

చరిత్రలో దీనికి మంచి సాక్ష్యం ఉంది. బ్రిటన్‌లో 1921 నుంచి కార్ల మీద హార్స్‌పవర్ ట్యాక్స్ వేశారు. ఇంజిన్ అసలు శక్తిని కొలిచి వేసిన పన్ను కాదది. బోరుని అంగుళాల్లో కొలిచి, వర్గం చేసి, సిలిండర్ల సంఖ్యతో గుణించి, 2.5తో భాగించేవాళ్ళు. స్ట్రోకు ఆ సూత్రంలోకి రానేరాదు. ఇంకేముంది, కంపెనీలన్నీ బోరు తగ్గించి స్ట్రోకు పొడిగించాయి. 747 సీసీ ఆస్టిన్ సెవెన్ బోరు 56 మి.మీ., స్ట్రోకు 76. ఆ రోజుల బ్రిటిష్ కార్లకి తక్కువ స్పీడులో ఓపిగ్గా లాగే గుణం వచ్చిందంటే సగం కారణం పన్ను లెక్క. 1940ల చివర్లో ఆ పద్ధతి తీసేసి అన్ని కార్లకీ ఒకే పన్ను పెట్టారు. 1959లో ఫోర్డ్ ఆంగ్లియా 105ఈ ఇంజిన్ వచ్చింది. బోరు దాదాపు 81, స్ట్రోకు కేవలం 48.4. ఆ దేశపు ఇంజిన్ల ఆకారం అంతలా మారిపోయింది. అదే 81 బోరుని అలాగే ఉంచి, తర్వాతి ఏళ్ళలో క్రాంక్ మార్చి స్ట్రోకు పొడిగిస్తూ 1,340, 1,498 సీసీ ఇంజిన్లు కూడా చేశారు. బ్లాకు పెద్దగా మార్చకుండా సీసీ పెంచడానికి స్ట్రోకు ఎంత వీలైన దారో చూడండి.

ఇప్పుడు నిజమైన రెండో సగానికి వద్దాం. స్ట్రోకు ఎక్కువైతే స్పీడ్ ఎందుకు తగ్గాలి?

క్రాంక్ ఒక చుట్టు తిరిగితే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందకి వెళ్తుంది. అంటే స్ట్రోకుకి రెండింతల దూరం. దాన్ని సెకనుకి ఎన్ని చుట్లో దాంతో గుణిస్తే పిస్టన్ సగటు వేగం వస్తుంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ స్ట్రోకు 101.6 మి.మీ., పూర్తి శక్తి 1,600 ఆర్‌పీఎం దగ్గర. పిస్టన్ వేగం సెకనుకి 5.4 మీటర్లు. హోండా ఎస్2000 కారు 1999లో వచ్చింది. స్ట్రోకు 84 మి.మీ., దాదాపు 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. పిస్టన్ వేగం సెకనుకి 25 మీటర్లు. ఇక ఫార్ములా వన్. 2.4 లీటర్ల వీ8 ఇంజిన్ల కాలంలో బోరు 98 మి.మీ. మించకూడదని రూలు, 2009 నుంచి 18,000 ఆర్‌పీఎం మీద హద్దు. 98 బోరుతో లెక్కేస్తే స్ట్రోకు 40 మి.మీ.కి కొంచెం తక్కువ వస్తుంది. వేగం ఎంత? సెకనుకి 24 మీటర్లు.

నాకు ఈ లెక్కంటే చాలా ఇష్టం. రోడ్డు మీద నడిచే కారు, రేసు ట్రాక్ మీద అరిచే కారు, ఒకటి 9,000, ఇంకొకటి 18,000. పిస్టన్ వేగం దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకే గోడకి ఆనుకుని నిలబడ్డాయి. ఆ గోడ సెకనుకి 25 మీటర్ల చుట్టుపక్కల ఉంది. అది దాటితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య నూనె పొర నిలవడం కష్టం, రాపిడి పెరుగుతుంది, అన్నిటికన్నా ముందు పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ మీద లాగుడు భరించలేనంత అవుతుంది. ఎస్2000లో పిస్టన్ పై చివర ఆగి వెనక్కి తిరిగే క్షణంలో దాని త్వరణం భూమ్యాకర్షణకి నాలుగువేల రెట్లు దాటుతుంది. 300 గ్రాముల పిస్టన్ అనుకున్నా, ఆ క్షణంలో రాడ్‌కి టన్నుకి పైగా బరువు వేలాడుతున్నట్టే. ఈ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. ఆర్‌పీఎం రెట్టింపయితే నాలుగింతలు. అందుకే రెడ్ లైన్ దాటించిన ఇంజిన్‌లో ముందు విరిగేది చాలాసార్లు రాడ్ బోల్టే.

ఎస్2000 ఇంకొక పాఠం కూడా చెప్పింది. అమెరికా మార్కెట్‌లో 2004 మోడల్‌కి అదే 87 మి.మీ. బోరు ఉంచి స్ట్రోకు 84 నుంచి 90.7కి పెంచారు. 1,997 సీసీ కాస్తా 2,157 అయింది. టార్క్ 207 నుంచి సుమారు 220 న్యూటన్ మీటర్లకి పెరిగింది, అదీ 7,500కి బదులు 6,500 ఆర్‌పీఎం దగ్గరే దొరికింది. రెడ్ లైన్ 8,000 దగ్గరికి దిగింది. హార్స్‌పవర్? రెండింటికీ 240. శక్తి అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించడమే కాబట్టి, ఒక పక్క పెరిగింది ఇంకో పక్క తగ్గింది. ఇక్కడ టార్క్ పెరిగింది సీసీ పెరిగినందుకు. బోరు పెంచి అంతే సీసీ తెచ్చినా టార్క్ అంతే పెరిగేది. కాకపోతే సిలిండర్ల మధ్య గోడలో అంత లోహం మిగలాలిగా.

మరి పెద్ద బోరు, చిన్న స్ట్రోకు అంత మంచిదైతే అన్ని కార్లకీ అదే పెట్టొచ్చుగా? ఇక్కడే వేడి సంగతి వస్తుంది. ఇది చాలామంది వదిలేసే విషయం, కాస్త నిదానంగా చెప్తాను.

మళ్ళీ మన రెండు సిలిండర్ల దగ్గరికే రండి. రెండింటికీ పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ 50 సీసీ అనుకుందాం. సన్నదానిలో ఆ ఖాళీ ఎత్తు దాదాపు 10 మి.మీ. లావుదానిలో 7.2 మి.మీ. మాత్రమే, పల్చని బిళ్ళలా పరుచుకుని ఉంటుంది. లోపలి గోడలన్నీ కలిపితే సన్నదానికి 125 చదరపు సెం.మీ., లావుదానికి 160. ఒకే మంట, ఒకే వాయువు, గోడలు మాత్రం పావు వంతుకి మించి ఎక్కువ. మంట 2,000 డిగ్రీలు దాటి మండుతున్న ఆ కొద్ది క్షణాల్లోనే వేడి గోడల్లోకి, అక్కడి నుంచి నీళ్ళలోకి, రేడియేటర్లోకి పోతుంది. రేడియేటర్లోకి పోయిన వేడి చక్రాలకి చేరదు. పైగా మధ్యలో ఉన్న, మంట అంటించే ప్లగ్గు నుంచి గోడ దాకా మంట 47 మి.మీ. నడవాలి, సన్నదానిలో 40 చాలు. మంట ఆలస్యమైతే ఒత్తిడి సరైన సమయానికి అందదు. పిస్టన్ పక్కన, మొదటి రింగు పైన ఉండే సన్నని సందులో కాలని పెట్రోలు దాక్కుంటుంది. బోరు పెద్దదైతే ఆ సందు చుట్టుకొలతా పెద్దదే, పొగలో కాలని ఇంధనమూ ఎక్కువే.

అందువల్ల ఒకప్పుడు ఓవర్ స్క్వేర్ వైపు పరుగెత్తిన పరిశ్రమ ఇప్పుడు మళ్ళీ లాంగ్ స్ట్రోక్ వైపు వచ్చింది. టొయోటా కొత్త తరం 2.5 లీటర్ల ఇంజిన్ చూడండి. బోరు 87.5, స్ట్రోకు 103.4. ఆస్టిన్ సెవెన్ అంత కాకపోయినా మంచి లాంగ్ స్ట్రోకే. అయినా 6,600 ఆర్‌పీఎం దగ్గర పూర్తి శక్తి ఇస్తుంది. లెక్కేస్తే పిస్టన్ వేగం సెకనుకి 22 మీటర్లు దాటుతోంది. మామూలు ఫ్యామిలీ కారు! లోహాలు, రింగులు, నూనెలు అంత మెరుగయ్యాయి. నాలుగు వాల్వుల హెడ్, నిటారుగా దిగే ఇన్‌టేక్ దారులు వచ్చి చిన్న బోరుతోనూ గాలి బాగా పీల్చగలుగుతున్నారు. పాత రోజుల్లో స్ట్రోకు పొడిగించింది పన్ను కోసం, ఇప్పుడు పొడిగిస్తున్నది వేడిని కాపాడుకోవడం కోసం. ఆ ఇంజిన్ పెట్రోలులోని శక్తిలో 40 శాతం దాకా పనిగా మారుస్తుందని కంపెనీ ప్రకటించింది, హైబ్రిడ్ రకంలో 41.

ఆ 40 వెనక కంప్రెషన్ ఉంది. దాని కథ బోరు, స్ట్రోకుల కథ కంటే పెద్దది.

పిస్టన్ అడుగున ఉన్నప్పుడు దాని పైన ఉన్న మొత్తం ఖాళీని, పైకి వచ్చాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేది కంప్రెషన్ రేషియో. 500 సీసీ సిలిండర్, 50 సీసీ గది: 550ని 50తో భాగిస్తే 11. దీన్ని గేజీతో కొలిచే కంప్రెషన్‌తో కలిపేయకండి. గేజీ చూపేది ఒత్తిడి, అది రింగులు, వాల్వులు ఎంత బిగువుగా ఉన్నాయో చెప్తుంది. రేషియో మాత్రం లోహంలో చెక్కిన కొలత, ఇంజిన్ అరిగినా పెద్దగా మారదు.

గట్టిగా నొక్కితే గట్టిగా పేలుతుంది, అందుకే శక్తి ఎక్కువ అంటారు చాలామంది. అంతకన్నా సరైన కారణం ఇంకొకటుంది. నొక్కిన నిష్పత్తిలోనే కాలిన వాయువు వ్యాకోచిస్తుంది. 11కి ఒకటి చేసి నొక్కితే, మండాక ఒకటి నుంచి 11 దాకా విస్తరిస్తూ పిస్టన్‌ని తోస్తుంది. ఎంత విస్తరిస్తే అంత చల్లబడుతుంది, అంత వేడి పనిగా మారుతుంది, మిగిలిన వేడి సైలెన్సర్ నుంచి పోతుంది. ఆదర్శ లెక్క ప్రకారం పనిగా మారే వేడి, రేషియో 5 ఉంటే 47 శాతం దాకా, 8 ఉంటే 56, 10 ఉంటే 60, 12 ఉంటే 63, 14 ఉంటే 65. నిజమైన ఇంజిన్లో వేడి నష్టం, రాపిడి పోగా ఇందులో మూడింట రెండొంతుల లోపే చేతికొస్తుంది. వరస మాత్రం ఇదే. 5 నుంచి 8కి వెళ్తే తొమ్మిది, 12 నుంచి 14కి వెళ్తే రెండే. పైకి వెళ్ళేకొద్దీ లాభం పల్చబడుతుంది, ప్రమాదం పెరుగుతుంది.

ఏమిటా ప్రమాదం? సైకిల్ పంపు వేగంగా కొడితే గొట్టం వేడెక్కుతుంది కదా. సిలిండర్లోనూ అంతే. 27 డిగ్రీల గాలిని పదింతలు నొక్కితే, వేడి ఎక్కడికీ పోదనుకుంటే, 480 డిగ్రీలవుతుంది. 14 ఇంతలు నొక్కితే దాదాపు 590. ప్లగ్గు దగ్గర మంట మొదలై గోడవైపు వస్తుంటుంది. దాని ముందు ఉన్న, ఇంకా మండని మిశ్రమాన్ని ఆ మంటే ఇంకా నొక్కుతుంది, ఇంకా వేడెక్కిస్తుంది. మంట వచ్చేలోపే ఆ చివరి మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే అదే నాకింగ్. ఒత్తిడి అలలు బోరు గోడల మధ్య కొట్టుకుంటాయి. 86 మి.మీ. బోరులో ఆ మోత సుమారు 6,500 హెర్ట్జ్. బోరు మారితే ఆ సంఖ్య మారుతుంది. బ్లాకుకి బిగించిన నాక్ సెన్సర్ సరిగ్గా ఆ మోత కోసమే చెవి పెట్టుకుని ఉంటుంది.

ఈ పిస్టన్ చూడండి. ఒకరి చేతి నుంచి ఒకరికి ఇవ్వండి, వేలితో తడమండి. తల మధ్యలో నున్నగానే ఉంది. అంచు దగ్గరికి రండి. ఇసుకతో కొట్టినట్టు చిన్న చిన్న గుంటలు, ముఖ్యంగా పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు. కింద మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉన్న మెట్టులో ఒక ముక్క విరిగి పోయింది. చాలాకాలం నాకింగ్‌తో నడిపిన ఇంజిన్లోది ఇది. గుంటలున్న చోటు చూస్తే చివరి మిశ్రమం ఎక్కడ అంటుకుందో తెలిసిపోతుంది: ప్లగ్గుకి అన్నిటికన్నా దూరంగా. పెద్ద బోరు నాకింగ్‌కి ఎందుకు దగ్గరో ఇందాక చెప్పిన 47 మి.మీ. లెక్క ఇక్కడ లోహంలో కనిపిస్తోంది.

వందేళ్ళ కిందట ఇంజినీర్లని అడ్డుకున్నది ఇదే. మోడల్ టీ కంప్రెషన్ రేషియో 4.5 దగ్గర ఉండేది, అంతకు మించితే ఆనాటి పెట్రోలు తట్టుకునేది కాదు. నాకింగ్ ఇంజిన్ జబ్బు అనుకున్నారు. అది ఇంధనం గుణం అని నిరూపించినవాళ్ళలో బ్రిటన్‌కి చెందిన హ్యారీ రికార్డో ముఖ్యుడు. నడుస్తుండగానే కంప్రెషన్ మార్చగల పరిశోధన ఇంజిన్ చేసి, ఏ ఇంధనం ఎంత తట్టుకుంటుందో ఒక్కొక్కటే కొలిచాడు. 1921 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ లెడ్ కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగిపోతుందని కనుక్కున్నాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కంప్రెషన్లు పది దాకా ఎగబాకాయి. మూల్యం గాలిలో సీసం. సీసం విషమని ముందే తెలుసు, అయినా కలిపారు. కార్లకి సీసం పెట్రోలు అమ్మకం ప్రపంచంలో పూర్తిగా ఆగింది 2021లో, ఆఖరి దేశం అల్జీరియా. కంప్రెషన్ రేషియోలో కొన్ని అంకెల కోసం తరాల పిల్లల రక్తంలోకి సీసం వెళ్ళింది. ఇంజినీరింగ్ చదివేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోకుండా కంప్రెషన్ చాప్టర్ దాటకూడదని నా అభిప్రాయం.

సీసం లేకుండా మళ్ళీ పైకి వెళ్ళడం ఎలా సాధ్యమైంది? పెట్రోలుని నేరుగా సిలిండర్లోకి కొట్టడం ఒక దారి. ఆవిరయ్యేటప్పుడు అది లోపలి గాలిని చల్లబరుస్తుంది. 2011లో మాజ్డా తన స్కైయాక్టివ్ పెట్రోలు ఇంజిన్లో 14 రేషియో పెట్టింది. రెండు లీటర్ల రకానికి బోరు 83.5, స్ట్రోకు 91.2. వాళ్ళు పట్టుకున్న కిటుకు ఎగ్జాస్ట్‌లో ఉంది. కాలిన వేడి వాయువు కొంచెం సిలిండర్లోనే మిగిలిపోయి తర్వాతి మిశ్రమాన్ని వేడెక్కిస్తోందని చూసి, ఒక సిలిండర్ పొగ ఇంకో సిలిండర్లోకి వెనక్కి తోసుకురాకుండా నాలుగు గొట్టాలని రెండుగా, రెండిటిని ఒకటిగా కలిపే పొడుగాటి మానిఫోల్డ్ పెట్టారు. పిస్టన్ తలలో చిన్న గుంట చెక్కి మంట మొదట్లోనే లోహాన్ని తాకి చల్లారకుండా చూశారు. అదే సంస్థ అదే సమయంలో డీజిల్ ఇంజిన్‌ని కూడా 14కి తీసుకొచ్చింది, డీజిల్‌కి అది చాలా తక్కువ. డీజిల్ గురించి ఇవాళ ఇంతకన్నా చెప్పను. అందులో నొక్కేది గాలిని మాత్రమే, చివర్లో ఇంధనం కొడతారు కాబట్టి ఈ రకం నాకింగ్ బెడద ఉండదు. అందుకే అక్కడ 16, 18 మామూలు.

ఇంకో దారి, నాకు అన్నిటికన్నా అందంగా అనిపించేది, అట్కిన్సన్ పద్ధతి. ఇందాక లాభమంతా వ్యాకోచంలో ఉందన్నాను కదా. మరి నొక్కడం తక్కువ చేసి వ్యాకోచం ఎక్కువ ఉంచితే? 1997లో వచ్చిన టొయోటా ప్రియస్ ఇంజిన్ చేసేది అదే. లోహంలో కొలిస్తే 13.5 రేషియో. అదే కుటుంబంలోని మామూలు 1.5 లీటర్ల ఇంజిన్‌కి 10.5. ప్రియస్‌లో పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వు చాలాసేపు తెరిచే ఉంటుంది. పీల్చిన గాలిలో కొంత తిరిగి బయటికి పోతుంది. నిజంగా నొక్కుడు పడేది తక్కువ, నాకింగ్ రాదు. వ్యాకోచం మాత్రం పూర్తి 13.5. గాలి తగ్గింది కాబట్టి టార్క్ తగ్గుతుంది, ఆ లోటు ఎలక్ట్రిక్ మోటారు తీరుస్తుంది. బ్రోచర్లో రాసే కంప్రెషన్ రేషియో ఒక్కటే చూసి రెండు ఇంజిన్లని పోల్చకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. వాల్వు ఎప్పుడు మూసుకుంటుందో తెలియందే ఆ సంఖ్య సగమే చెప్తుంది.

టర్బో, అంటే పొగ బలంతో గాలిని లోపలికి నెట్టే పంపు, ఉంటే గాలి ముందే నొక్కి వస్తుంది కాబట్టి రేషియో తగ్గించాలి. పాత టర్బోల్లో 8, 8.5 ఉండేది, ఇప్పుడు 10 మామూలైంది. తగ్గించిన రేషియో వల్ల ఇంజిన్ మీద లోడ్ లేనప్పుడు పెట్రోలు వృథా. దీనికి నిస్సాన్ 20 ఏళ్ళు కుస్తీపట్టి, 2018లో తన ఇన్ఫినిటీ క్యూఎక్స్50 కారులో కంప్రెషన్ మార్చుకునే ఇంజిన్ పెట్టింది. క్రాంక్‌కీ రాడ్‌కీ మధ్య లింకు పెట్టి, దాన్ని మోటారుతో తిప్పి, నిదానంగా వెళ్తున్నప్పుడు 14, గట్టిగా తొక్కినప్పుడు 8కి దింపుతుంది. ఆ లింకు వల్ల స్ట్రోకు కూడా ఒక మి.మీ.కి పైగా మారుతుంది. ఒకే ఇంజిన్ ఒకసారి 1,970, ఒకసారి 1,997 సీసీ!

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(సభలో ఒకరు: మామూలు కారులో ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే పికప్ పెరుగుతుందా?)

ఆక్టేన్ అంటే పెట్రోలులో ఉన్న శక్తి కాదు, తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే ఓర్పు. మీ ఇంజిన్ మామూలు పెట్రోలు మీదే నాకింగ్ లేకుండా, స్పార్క్ సరైన సమయానికే పడుతూ నడుస్తుంటే, ఎక్కువ ఆక్టేన్ వల్ల వచ్చేదేమీ లేదు. టర్బో ఇంజినో, 12, 13 రేషియో ఉన్న ఇంజినో అయితే వేరు. వేడి రోజున, లోడ్ మీద నాక్ సెన్సర్ మోత విని కంప్యూటర్ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, అక్కడ కొంత శక్తి పోతుంది. మంచి ఆక్టేన్ పోస్తే ఆ పోయింది తిరిగొస్తుంది. మాన్యువల్ తెరిచి కంపెనీ ఏది పోయమందో చూడండి, అదే పోయండి.

(మరొకరు: రీబోరు చేయించి, హెడ్ అడుగు కొంచెం లేపింగ్ (అరగదీయడం) చేయిస్తే పవర్ పెరుగుతుందంటారు. నిజమేనా సార్?)

లెక్కే వేద్దాం. 86 బోరుని 87 చేస్తే 1,998 సీసీ 2,045 అవుతుంది. రెండు శాతం చిల్లర. నడిపితే తెలిసేంత కాదది. రీబోరు చేయించాక బండి కొత్తగా అనిపించేది గోడలు గుండ్రంగా అయి, కొత్త రింగులు పడి, పోయిన బిగువు తిరిగొచ్చినందుకు. శక్తి కోసం రీబోరు వద్దు, అరుగుదల ఉంటేనే చేయించండి. పావు మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్‌తో గోడ శుభ్రపడుతుంటే నేరుగా ఒక మి.మీ.కి పోకండి. తర్వాత మళ్ళీ అవసరమైతే గోడలో లోహం ఉండాలి.

హెడ్ సంగతి. అర మి.మీ. తీస్తే 50 సీసీ గది సుమారు 47.5 అవుతుంది. రేషియో 11 నుంచి 11.5కి వెళ్తుంది. లాభం ఆదర్శ లెక్కలోనే ఒక శాతం పైన. దానికి బదులు మూడు తలనొప్పులు. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న సందు అర మి.మీ. తగ్గుతుంది. కామ్ షాఫ్ట్ హెడ్‌లో ఉంటే క్రాంక్‌కి దగ్గరై కామ్ టైమింగ్ కాస్త వెనకబడుతుంది. నాకింగ్ గీతకి ఇంకొంచెం దగ్గరవుతారు. హెడ్ వంగితే సరిచేయడానికి ఎంత అవసరమో అంతే తీయించండి, అదీ కంపెనీ ఇచ్చిన కనీస మందం లోపల.

క్రాంక్ మార్చి స్ట్రోకు పెంచాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. 86 నుంచి 90 చేస్తే పిస్టన్ పైన 2 మి.మీ. అదనంగా వస్తుంది, హెడ్‌కి కొట్టుకుంటుంది. రాడ్‌ని పట్టే పిన్ను రంధ్రం 2 మి.మీ. పైకి ఉన్న పిస్టన్ కావాలి, లేదా అంత పొట్టి రాడ్. కొత్త పిస్టన్ తల పాతదానిలాగే ఉంటే గది 50 సీసీనే ఉంటుంది కానీ సిలిండర్ 523 అయింది కాబట్టి రేషియో తనంతటే 11.5కి చేరుతుంది. ఆ లెక్క ముందు కాగితం మీద వేసి, పిస్టన్ తల లోతు దానికి తగ్గట్టు చెప్పి చేయించుకోవాలి. ఇంజిన్ మూసేముందు పిస్టన్ తల మీద మెత్తని మట్టి ముద్ద పెట్టి, పాత గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, ఆ ముద్ద ఎంత పల్చబడిందో కొలవండి. వాల్వు అచ్చు పడిన చోట మందం ఎంత మిగిలిందో అదే మీ సందు. ఇన్‌టేక్ వైపు 1.5 మి.మీ. కన్నా, ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. కన్నా తక్కువ ఉంటే మూయకండి.